మొదటి పది నిమిషాల్లోనే అంతా అయిపోతోంది: ఒత్తిడి పెరుగుతూ పోయే పాత్రను ఎట్లా మొయ్యాలి?

హన్మకొండ నటుడు | ఆదివారం, రాత్రి 10:50

అందరికీ నమస్తే. నేను పగలు ఒక కంపెనీలో లెక్కలు రాస్తాను, సాయంత్రాలు నాటకం. పదకొండేళ్లుగా హన్మకొండ, వరంగల్, కరీంనగర్ స్టేజీల మీద ఆడుతున్నా. ఇప్పటిదాకా వచ్చినవన్నీ పక్క వేషాలే. పోలీసు, పెళ్లిపెద్ద, విలన్ వెంట తిరిగే మనిషి. మొదటిసారి నాటకం మొత్తం నా మీద నడిచే పాత్ర వచ్చింది. ఇంకా మూడు వారాలే ఉంది. నిద్ర పట్టడం లేదు.

మా నాటిక 55 నిమిషాలు. ఒకే ఇల్లు, ఒకే సాయంత్రం. కరీమాబాద్‌లో ఇంటి దగ్గర చిట్టీలు నడిపే మనిషి కథ. 20 మంది మెంబర్లు, నెలకు 25,000, ఐదు లక్షల చిట్టీ. ఎత్తుకున్నవాళ్లలో ఇద్దరు కట్టడం మానేశారు. రెండు నెలలు ఇతనే చేతి నుంచి వేసి నడిపాడు. ఆ తర్వాత నూటికి మూడు రూపాయల మిత్తికి తెచ్చాడు. పోయిన నెల పాటలో ఒకామె 80,000 వదులుకొని పాడుకుంది. అంటే ఆమెకు 4,20,000 ఇవ్వాలి. బిడ్డ పెళ్లి పెట్టుకుంది. ఈ రోజు ఏడింటికి వస్తుంది. బీరువాలో 2,65,000 ఉన్నాయి. తెర లేచేసరికి టైం ఆరు. గంటలో 1,55,000 పుట్టాలి. ఈ నెల పాట కూడా ఇవాళే కాబట్టి మిగతా మెంబర్లు ఒక్కొక్కరే వస్తుంటారు, కూర్చుంటారు, చాయ్ తాగుతుంటారు.

నా ఇబ్బంది ఇది. తెర లేవగానే టెన్షన్ మొదలుపెట్టేస్తాను. చెమట తుడుచుకుంటా, అటూ ఇటూ తిరుగుతా, ఫోన్‌లో గట్టిగా మాట్లాడతా. పది నిమిషాలకు నా దగ్గర ఉన్నదంతా అయిపోతుంది. మిగిలిన ముప్పావుగంట అదే మళ్లీ మళ్లీ. నిన్న రిహార్సల్‌లో మా డైరెక్టర్ ఆపి, "నువ్వు ఆరింటికే మునిగిపోతే ఏడింటికి ఆమె ఎవరి కోసం వస్తది?" అన్నాడు. జవాబు చెప్పలేకపోయాను. దానికి తోడు గొంతు బొంగురుపోతోంది.

ఇలాంటి పాత్రలు వేసినవాళ్లు మీ అనుభవం చెప్పండి.

---

రెండో టేక్ | ఆదివారం, రాత్రి 11:25

అన్నా, మాది హుజూరాబాద్. హైదరాబాద్‌లో సీరియళ్లలో చేస్తా. మా దగ్గర సీన్లు వరుసలో తీయరు. పొద్దున 40వ సీన్, మధ్యాహ్నం 3వ సీన్. ఒకసారి తల్లి పోయిన కొడుకుగా పొద్దున ఏడ్చి, మధ్యాహ్నం అదే తల్లి పెట్టిన అన్నం తినే సీన్ చేశాను. కాబట్టి నాకు నోటుబుక్కే దిక్కు.

ప్రతి సీన్‌కు ఎదురుగా ఒక అంకె వేస్తా. ఒకటి నుంచి పది. ఆ అంకె నేను ఎంత చూపించాలన్నది కాదు, పాత్ర లోపల ఎంత ఉందన్నది. తెర లేచేటప్పటికి నీ మనిషికి రెండు వేసుకో. ఏడింటికి తొమ్మిది. పదిని అస్సలు ముట్టుకోకు. మధ్యలో వచ్చే ప్రతి ఫోన్‌కు ఎంత పెరిగిందో రాసుకో. రాయడం మొదలుపెడితే ఏ ఫోన్ దేనికి వస్తోందో నీకే తెలుస్తుంది. రెండు ఫోన్లకు ఒకే అంకె వస్తే అందులో ఒకటి నాటకానికి అక్కర లేదు, రచయితతో మాట్లాడు.

---

పరకాల పద్యం | సోమవారం, పొద్దున 5:40

బాబూ, నాకు 71 ఏళ్లు. ముప్పై ఏళ్లకు పైగా పద్యనాటకం ఆడాను. ఎక్కువ సార్లు కట్టిన వేషం హరిశ్చంద్రుడు. నీ చిట్టీ మనిషి గురించి చదువుతుంటే నాకు ఆయనే గుర్తొచ్చాడు. హరిశ్చంద్రుడి కథ కూడా అప్పు కథే కదా. గడువు పెట్టిన అప్పు. వెంట నక్షత్రకుడు. ఇప్పటికీ మన ఊళ్లల్లో వదలకుండా వెంటపడి పీడించే మనిషిని నక్షత్రకుడు అనే అంటారు. నీ నాటికలో ఆ ఫోనే నక్షత్రకుడు.

కాటి సీను గురించి చెప్తా. రాజ్యం పోయింది, భార్యను, కొడుకును కాశీలో అమ్మాడు, తాను వీరబాహుడికి అమ్ముడుపోయి కాటికాపరి అయ్యాడు. అర్ధరాత్రి ఒక ఆడమనిషి పాము కరిచి చనిపోయిన పిల్లవాణ్ణి ఎత్తుకొని వస్తుంది. ఆమె చంద్రమతి అని, ఆ పిల్లవాడు లోహితాస్యుడని ఇతనికి ఇంకా తెలియదు. కాటి సుంకం కట్టమంటాడు. ఆమె దగ్గర ఏమీ లేదు. "మెడలో మంగళసూత్రం ఉంది కదా" అంటాడు. భర్తకు తప్ప ఇంకొకరికి కనిపించని సూత్రం అది. అక్కడ తెలుస్తుంది. తెలిసిన తర్వాత కూడా సుంకం అడగాలి.

పడుచుతనంలో నేను ఆ సుంకం ఏడుస్తూ అడిగేవాణ్ణి. గొంతు వణికించేవాణ్ణి, రాగం గుంజేవాణ్ణి. జనం వన్స్‌మోర్ అనేవారు కానీ ఎవరి కంట్లోనూ తడి ఉండేది కాదు. మా గురువు ఒక రాత్రి నాటకం అయ్యాక గ్రీన్‌రూమ్‌కు వచ్చి, "వాడు ఆ సుంకం ఎంతమందిని అడిగి ఉంటాడు రా? రోజూ అడిగే మాటే కదా. అట్లనే అడుగు" అన్నాడు. మరుసటి ఆటలో అట్లనే అడిగాను. పని చేసుకునే మనిషి మామూలుగా అడిగినట్టు. ముందు వరుసలో కింద కూర్చున్న ఆడవాళ్లు కొంగు నోట్లో పెట్టుకున్నారు.

నీ మనిషికి కూడా రోజూ చేసే పని ఒకటి ఉంది. చిట్టీ నడపడం. పేర్లు పిలవడం, డబ్బు లెక్కపెట్టడం, రసీదు రాయడం. ముందు ఆ పని నేర్చుకో. టెన్షన్ సంగతి తర్వాత చూడవచ్చు.

---

హన్మకొండ నటుడు | సోమవారం, రాత్రి 9:10

బాపూ, మీ పోస్టు నాలుగు సార్లు చదివాను. నాకు నోట్లు లెక్కపెట్టడం కూడా సరిగా రాదని ఇవాళ తెలిసింది. స్టేజీ మీద ఊరికే వేళ్లు ఆడిస్తున్నాను. బ్యాంకులో పనిచేసే మా బావమరిదిని పట్టుకొని నేర్చుకుంటున్నా.

రెండో టేక్ తమ్మీ, అంకెలు వేసుకున్నా. నువ్వన్నట్టే రెండు ఫోన్లకు ఒకే అంకె వచ్చింది. డైరెక్టర్‌కు చెప్పాను, ఆలోచిస్తున్నాడు.

---

జనగామ డోలు | సోమవారం, రాత్రి 10:05

నేను నటుణ్ణి కాదు. ఒగ్గుకథ బృందంలో డోలు కొడతా. చుక్క సత్తయ్య గారి జిల్లా మాది. ఆయన కథ చెప్తుంటే చిన్నప్పుడు తెల్లారేదాకా కూర్చున్నవాళ్లం.

అంకెల లెక్క మంచిదే కానీ నాకొక అనుమానం. రెండు, మూడు, నాలుగు, ఐదు అని మెట్ల లెక్కన పెంచుకుంటూ పోతే చూసేవాడికి మూడో మెట్టు కాడనే తొమ్మిది తెలిసిపోతుంది. డోలు అట్లా కొట్టం. దరువు పెంచుతాం, పెంచుతాం, ఇంక ఇప్పుడు ఏదో అయితది అనుకునే చోట తగ్గించేస్తాం. కథకుడు ఒక నవ్వులాట చెప్తాడు. జనం ఊపిరి పీల్చుకుంటారు. అప్పుడు కొడతాం. ఒక్కోసారి డోలు మొత్తానికే ఆపేస్తాం, కథకుడి గొంతు ఒక్కటే ఉంటుంది. అంతసేపు దరువు విన్న చెవికి ఆ నిశ్శబ్దం మస్తు బరువుగా ఉంటుంది.

మీ నాటికలో ఆ మనిషికి ఎక్కడన్నా ఊరట దొరుకుతుందా? ఒక ఫోన్‌లో "సరే, లక్ష నేను సర్దుతా" అని ఎవరైనా అంటారా? అనాలి. అప్పుడు అతను కుర్చీలో వెనక్కి వాలాలి, చాయ్ తాగాలి, ఎవరితోనైనా నవ్వాలి. పది నిమిషాల తర్వాత ఆ లక్ష రాదని తెలియాలి.

---

రెండో టేక్ | సోమవారం, రాత్రి 10:20

డోలు అన్నా, ఒప్పుకుంటా. నా అంకెలు 2, 4, 3, 6, 2, 8 అని కూడా పోవచ్చు. ఆ రెండు ఎక్కడ పెట్టాలన్నదే అసలు ప్రశ్న.

---

కొత్తగా వచ్చా | మంగళవారం, మధ్యాహ్నం 1:30

నేను ఒక వర్క్‌షాప్‌లో నేర్చుకున్నది చెప్తా. మీ జీవితంలో జరిగిన పెద్ద కష్టం గుర్తు తెచ్చుకోండి. ఇంట్లో ఎవరైనా పోయిన రోజు, లేదా మీకే అప్పులైన రోజు. కళ్లు మూసుకొని ఆ రోజు వాసన, శబ్దం, వెలుతురు గుర్తు తెచ్చుకొని ఎంట్రీ ఇవ్వండి. నిజమైన బాధ వస్తుంది. నాకు వచ్చింది.

---

కాజీపేట అక్క | మంగళవారం, సాయంత్రం 6:45

తమ్ముడూ, కోపం లేకుండా చెప్తున్నా, విను. నేను బడిలో పాఠాలు చెప్తా, ఇరవై ఏళ్లుగా నాటకాలు వేస్తున్నా. మా అమ్మ పోయిన సంవత్సరమే నాకు ఒక తల్లి చావు సీను వచ్చింది. నువ్వు చెప్పినట్టే చేశా. మొదటి ఆటలో ఏడుపు ఆగలేదు, డైలాగ్ ఎవరికీ వినిపించలేదు. మూడో ఆటకు కన్నీళ్లు రాలేదు. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటి. ఇంటికొచ్చి అమ్మను తలుచుకుంటే ఆ స్టేజీ, ఆ లైట్లు గుర్తొచ్చేవి. మా అమ్మ జ్ఞాపకాన్ని నేను ఖర్చు పెట్టేసుకున్నా. మళ్లీ ఎవరికీ ఆ సలహా ఇవ్వను.

హన్మకొండ తమ్ముడికి ఒక మాట. నీ నాటికలో ఆ మనిషికి భార్య ఉందా? ఉంటే సగం బరువు ఆమె చేతిలో పెట్టు. నేను అలాంటి భార్య వేషం ఒకసారి వేశాను. మొగుడు ఏమీ చెప్పడు. ఆమె వంటింట్లోంచి అతని అడుగుల చప్పుడు వింటుంది. చాయ్ గ్లాసు పెట్టేటప్పుడు అతని మొహం చూడదు, చేతులు చూస్తుంది. జనం ఆమె కళ్లతోనే అతన్ని చూస్తారు. నువ్వు ఏమీ చెయ్యకుండా నిలబడ్డా ఆమె చూపు నిన్ను నిలబెడుతుంది. ఎదుటి నటితో కూర్చొని మాట్లాడుకో. ఒక్కడివే మొయ్యాలనుకుంటున్నావు, అందుకే పది నిమిషాల్లో అలిసిపోతున్నావు.

---

అవహిత్థ | మంగళవారం, రాత్రి 11:15

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ చదివాను, సొంతూరు భూపాలపల్లి వైపు. కొత్తగా వచ్చిన మిత్రుడి మాటకు, కాజీపేట అక్క మాటకు మధ్య పాత కథ ఒకటుంది.

సొంత జ్ఞాపకం నుంచి బాధ తవ్వి తెచ్చుకోవడం రష్యన్ దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ తొలి రోజుల్లో నేర్పిన పద్ధతి. అమెరికాలో దాన్ని గట్టిగా పట్టుకున్నారు. స్టెల్లా ఆడ్లర్ అనే నటికి అది పడలేదు. 1934లో ఆమె పారిస్ వెళ్లి స్వయంగా ఆయన దగ్గర కొన్ని వారాలు నేర్చుకుంది. తిరిగొచ్చి తోటివాళ్లకు చెప్పింది ఏమిటంటే, ఆయన ఇప్పుడు పాత్ర ఉన్న పరిస్థితుల మీద, పాత్ర చేసే పనుల మీద ఎక్కువ ఆధారపడుతున్నాడని. 1938లో చనిపోయేదాకా ఆయన ఆ దారిలోనే పనిచేశాడు. పరకాల పద్యం గారికి ఆయన గురువు చెప్పిన మాట, "వాడు రోజూ చేసే పని చెయ్యి" అన్నది, ఆ పారిస్ మాటకు ఎంత దగ్గరగా ఉందో చూడండి.

నా పేరు ఎందుకు అలా పెట్టుకున్నానో కూడా చెప్తా. నాట్యశాస్త్రంలో 33 వ్యభిచారి భావాలున్నాయి, అంటే వచ్చిపోతుండే భావాలు. శంక, చింత, ఆవేగం (కంగారు), త్రాసం (బెదురు) అన్నీ మీ పాత్రలో ఉన్నాయి. వాటితో పాటు అవహిత్థ అని ఒకటుంది. అంటే లోపల ఉన్నదాన్ని బయటపడకుండా దాచుకోవడం. దాచడం కూడా ఒక భావమేనని, దాన్నీ అభినయించాలని అంతకాలం కిందటే రాసి పెట్టారు. చిట్టీ మనిషి గంటసేపు చేసే పని అదొక్కటే. భయం నటించకండి, భయాన్ని దాచే పని నటించండి. దాచాల్సింది పెరిగేకొద్దీ ఆ పని కష్టమవుతుంది. జనానికి కనిపించాల్సింది ఆ కష్టమే.

అదే శాస్త్రంలో సాత్త్విక భావాలు ఎనిమిది. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. కొయ్యబారడం, చెమట, ఒళ్లు గగుర్పొడవడం, గొంతు మారడం, వణుకు, మొహం రంగు మారడం, కన్నీరు, స్పృహ తప్పడం. అన్నీ ఒకేసారి వాడకండి. మీ డైరెక్టర్ బాధ అదే అనిపిస్తోంది, మీరు ఆరింటికే అరడజను వాడేస్తున్నారు. గంటకు రెండు చాలు.

---

స్వరపేటిక | బుధవారం, పొద్దున 8:20

కరీంనగర్‌లో వాయిస్ థెరపీ చేస్తాను. నటులు, టీచర్లు, పూజారులు వస్తుంటారు. మీరు రాసిన బొంగురు గురించి చెప్పాలి.

ఒత్తిడి నటించేటప్పుడు చాలామంది భుజాలు పైకి లాగుతారు, ఊపిరి ఛాతీ పైభాగంలోనే తీసుకుంటారు, మెడ కండరాలు బిగిస్తారు. అప్పుడు స్వరపేటిక పైకి జరుగుతుంది. ఆ స్థితిలో గట్టిగా అరిస్తే స్వరతంతువులు ఒకదానికొకటి గట్టిగా కొట్టుకుంటాయి. మగవాళ్లు మామూలుగా మాట్లాడేటప్పుడే అవి సెకనుకు వందసార్లకు పైగా కలుస్తాయి. బిగింపుతో నెలల తరబడి అలా చేస్తే వాటి మీద బుడిపెలు వస్తాయి. బొంగురు మూడు వారాలు దాటితే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర చూపించుకోవాలి, వాయిదా వెయ్యకండి.

బిగింపు ఒక్క చోట పెట్టుకోండి. చేతి వేళ్లలో, కాలి బొటనవేలిలో, పొట్టలో. మెడలో మాత్రం వద్దు. ఎడమ పిడికిలి జేబులో బిగించి, గొంతు వదులుగా పెట్టి మాట్లాడడం రోజూ పది నిమిషాలు సాధన చెయ్యండి. మొదట్లో రెండూ కలిసి బిగుసుకుంటాయి, వారంలో విడిపోతాయి. రిహార్సల్‌కు ముందు గ్లాసులో సగం నీళ్లు పోసి స్ట్రా పెట్టి "ఊ" అంటూ బుడగలు ఊదండి, ఐదు నిమిషాలు. చూసేవాళ్లకు వింతగా ఉంటుంది కానీ పనిచేస్తుంది.

ఇంకొకటి, నటనకు కూడా పనికొస్తుందేమో. నిజంగా భయపడిన మనిషికి నోరు ఎండుతుంది, లాలాజలం తగ్గుతుంది. మాటల మధ్య నాలుక అంగిలికి అంటుకుంటుంది. పెదవులు తడుపుకుంటాడు. చెమట కంటే ఇది నమ్మకంగా కనిపిస్తుంది.

---

పరకాల పద్యం | బుధవారం, పొద్దున 9:00

అమ్మా, మీరు చెప్పింది అక్షరాలా నిజం. నా గొంతు అరవై దాటకముందే పోయింది. మా రోజుల్లో ఎవరూ ఇది చెప్పలేదు. మిరియాల పాలు తాగి మళ్లీ పాడేవాళ్లం. మన వరంగల్ నేరెళ్ల వేణుమాధవ్ గారు ఎన్ని గొంతులు పలికించేవారు! ఎదురుగా కూర్చొని చూశాను. ఒక గొంతులోంచి ఇంకో గొంతులోకి పోయే ముందు ఆయన ఊపిరి తీరే మారిపోయేది. భుజాలు ఏనాడూ లేవలేదు. అప్పుడే గమనించి నేర్చుకోవాల్సింది.

---

పాత చిట్టీ గుమాస్తా | బుధవారం, రాత్రి 8:30

రిజిస్టర్ అయిన ఒక చిట్ కంపెనీలో 26 ఏళ్లు పనిచేసి రిటైర్ అయ్యాను. నాటకం తెలియదు, ఈ పాత్ర తెలుసు.

ముందు లెక్క. ఆమె వదులుకున్న 80,000లో ముందు మీ మనిషి కమీషన్ పోతుంది. ఐదు లక్షల మీద ఐదు శాతం అనుకుంటే 25,000. మిగిలిన 55,000 ఇరవై మందికి పంచితే తలా 2,750. అంటే అతను ఇంత కత్తి మీద సాము చేసేది నెలకు 25,000 కోసం. రిజిస్టర్డ్ చిట్టీల్లో అయితే 2019 సవరణతో కమీషన్ పరిమితి ఐదు నుంచి ఏడు శాతానికి పెరిగింది.

ముఖ్యమైన సంగతి వేరే ఉంది. చిట్ ఫండ్స్ చట్టం 1982 ప్రకారం ముందుగా ప్రభుత్వ అనుమతి, రిజిస్ట్రేషన్ లేకుండా చిట్టీ నడపకూడదు. వ్యక్తులు నడిపే చిట్టీల పరిమితిని 2019లో లక్ష నుంచి మూడు లక్షలకు పెంచారు. మీ మనిషిది ఐదు లక్షలు, పైగా ఇంటి దగ్గర. కాబట్టి ఎగ్గొట్టిన ఆ ఇద్దరి మీద అతను పోలీసు స్టేషన్‌కు పోలేడు. పోతే ముందు తన తప్పే బయటపడుతుంది. బంధువులకు చెప్పలేడు, ఎందుకంటే సగం మంది మెంబర్లు బంధువులే. పాట వాయిదా వెయ్యలేడు. వేస్తే ఆ రాత్రికే వాడంతా తెలుస్తుంది, ఇంకా ఎత్తుకోనివాళ్లంతా పొద్దున్నే గేటు దగ్గర ఉంటారు.

మీరు ఒత్తిడి అంటున్నారు కదా, డబ్బు తక్కువ పడడం ఒక్కటే ఒత్తిడి కాదు. ఉన్న తలుపులన్నీ ఒక్కొక్కటే మూసుకుపోవడం ఒత్తిడి. మీ స్క్రిప్టులో ఏ తలుపు ఏ నిమిషంలో మూసుకుంటుందో మీకు తెలియాలి.

---

హన్మకొండ నటుడు | గురువారం, రాత్రి 11:40

సార్, మీ పోస్టు ప్రింటు తీసి రిహార్సల్‌లో అందరికీ చదివి వినిపించాను. డైరెక్టర్ తలుపులు లెక్కపెట్టమన్నాడు. ఆరు దొరికాయి. డోలు అన్న చెప్పిన ఊరట కూడా పెట్టాం, ఒకే అంకె వచ్చిన రెండో ఫోన్ తీసేసి ఆ చోట. ఇప్పుడు బామ్మర్ది ఫోన్ చేసి "లక్ష పంపిస్తా బావా" అంటాడు.

ఇవాళ బాగా వచ్చింది, ఒక్కచోట తప్ప. చివర్లో ఆమె వస్తుంది. "కూర్చో వదినా" అనాలి. ఆ రెండు మాటలు అబద్ధంగా పలుకుతున్నాయి. మెల్లగా అన్నా అబద్ధమే, వణుకుతూ అన్నా అబద్ధమే. దాచుతున్నాను కానీ, దాచుతున్నట్టు అందరికీ కనిపిస్తోంది.

---

కరీమాబాద్ అబ్బాయి | శుక్రవారం, రాత్రి 1:15

రాయాలా వద్దా అని ఐదు రోజులు ఆలోచించాను.

మా నాన్న చిట్టీలు నడిపేవాడు. మీ నాటికలో ఉన్న ఊరే. నాకు అప్పుడు పదకొండేళ్లు. ఆ కథ మీకు ఎవరు చెప్పారో తెలియదు, మాలాంటి ఇళ్లు చాలా ఉన్నాయి, అందుకే అడగను.

ఆ ఐదారు నెలల్లో మా నాన్న ఒక్కసారి కూడా అరవలేదు అన్నా. అంతకుముందు అరిచేవాడు. అన్నంలో ఉప్పు తక్కువైతే అరిచేవాడు, నాకు మార్కులు తక్కువొస్తే అరిచేవాడు. డబ్బులు కష్టమయ్యాక అరవడం మానేశాడు. ఎంత కష్టమైతే అంత మర్యాదగా అయిపోయాడు. ఫోన్ మోగితే వెంటనే ఎత్తేవాడు కాదు. భుజం మీది తువ్వాల తీసి చెయ్యి తుడుచుకునేవాడు. చెయ్యి తడిగా లేకపోయినా తుడుచుకునేవాడు. తర్వాత ఎత్తి, "చెప్పండి వదినా, తిన్నరా? పిల్లలు మంచిగున్నరా?" అనేవాడు. అందరి పిల్లల పేర్లు గుర్తుండేవి. ఎవరికి జ్వరం వచ్చింది, ఎవరి పరీక్షలు ఎప్పుడు, అన్నీ అడిగేవాడు. మా అమ్మ తర్వాత ఎప్పుడో చెప్పింది, అవతలివాళ్లు డబ్బు మాట ఎత్తకుండా వాళ్లను మాటల్లో పెట్టడానికి అట్ల అడిగేవాడని. నాకు మాత్రం అట్ల అనిపించలేదు. ఆ కొన్ని నెలలు మా నాన్నకు నిజంగానే వాళ్లందరి మీద ప్రేమ పుట్టిందని ఇప్పటికీ అనుకుంటా. వాళ్ల ముందు తప్పు చేసినవాడు కాబట్టి.

పొడుగు నోటుబుక్కు ఉండేది. అందులో కట్టినవాళ్ల పేరు ఎదురుగా నీలం టిక్కు, కట్టనివాళ్లకు ఎరుపు సున్న. ఎరుపు పెన్ను అయిపోతే కొత్తది కొనలేదు. నీలంతోనే సున్నలు పెట్టాడు.

ఒక రోజు ఒక అత్తమ్మ వచ్చింది. ఆమె బిడ్డ పెళ్లి. బయట లైటు ముందే ఆర్పేశాడు నాన్న. నన్ను పంపించి "నాన్న లేడు" అని చెప్పమన్నాడు. నేను చెప్పాను. ఆమె నన్ను చూసి, నా తల నిమిరి, "వస్తే నేను వచ్చిపోయినా అని చెప్పు బిడ్డా" అని వెళ్లిపోయింది. నాన్న తలుపు వెనకే నిలబడి ఉన్నాడు. ఆమె వెళ్లేదాకా ఊపిరి తీసుకోలేదు. నేను లోపలికి వచ్చాక నా మొహం చూడలేదు.

అప్పులన్నీ తీరడానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఊళ్లో పన్నెండు గుంటలు ఉంటే అమ్మాం. అందరికీ ఇచ్చాడు. ఇప్పుడు బాగానే ఉన్నాడు. కానీ ఇప్పటికీ ఫోన్ మోగితే చెయ్యి తుడుచుకుంటాడు.

"కూర్చో వదినా" ఎందుకు అబద్ధమవుతోందో నాకు తెలియదు. మా నాన్న అంటే అది నిజం అయ్యేది. ఆమె కూర్చోవాలని నిజంగానే కోరుకునేవాడు.

---

కాజీపేట అక్క | శుక్రవారం, పొద్దున 6:10

బిడ్డా, బడికి పోయే ముందు చదివాను. ఇంకేం రాయలేను ఇప్పుడు. రాసినందుకు చల్లగా ఉండు.

---

అవహిత్థ | శుక్రవారం, పొద్దున 10:30

నేను దాచడం అని రాశాను. ఈ పోస్టు చదివాక నా మాట సగమే అనిపిస్తోంది. ఆ మనిషి భయాన్ని దాస్తూ దాని పైన ఒక అబద్ధం కప్పడం లేదు. ఇంకో నిజం కప్పుతున్నాడు. మర్యాద, ఆప్యాయత, అవి కూడా అతనివే. నటుడు రెండో నిజాన్ని కూడా అంతే గట్టిగా నమ్మాలి. నేను ఇది ఏ క్లాసులోనూ వినలేదు.

---

హన్మకొండ నటుడు | శుక్రవారం, రాత్రి 10:00

తమ్మీ, నీకు ఏం చెప్పాలో తెలియడం లేదు. నీ అనుమతి లేకుండా ఇందులో ఒక్క ముక్క కూడా వాడను. మెసేజ్ పెట్టాను, తీరిక చూసుకొని చదువు.

---

కరీమాబాద్ అబ్బాయి | శనివారం, మధ్యాహ్నం 3:20

తువ్వాల వాడుకో అన్నా. నోటుబుక్కు కూడా. తలుపు సంగతి మాత్రం వద్దు.

---

స్వరపేటిక | ఆదివారం, రాత్రి 9:15

చర్చ ఆగింది కాబట్టి ఒక్క మాట. ఇలాంటి పాత్ర అయ్యాక దిగడం కూడా నేర్చుకోవాలి. గుండె దడ తొందరగా తగ్గుతుంది కానీ కార్టిసాల్ లాంటి హార్మోన్ నెమ్మదిగా పెరిగి నెమ్మదిగా తగ్గుతుంది. గంట, ఆ పైన కూడా పడుతుంది. నాటకం అయిపోయిన వెంటనే బండెక్కి ఇంటికి పోకండి. మేకప్ తీసుకుంటూ, ఊపిరి తీసుకున్నదానికంటే ఎక్కువసేపు వదులుతూ ఒక పావుగంట కూర్చోండి. వేషం బట్టలు మీరే మడతపెట్టండి. తోటివాళ్లతో కలిసి తినండి. ఇంట్లోవాళ్ల మీద విసుక్కోవడం చాలావరకు తగ్గుతుంది.

---

పరకాల పద్యం | సోమవారం, పొద్దున 5:30

కాటి సీను అయ్యాక మా గురువు నన్ను నేరుగా ఇంటికి పోనిచ్చేవాడు కాదు. బావి దగ్గర నాలుగు చేదలు నెత్తి మీద పోసుకొమ్మనేవాడు. ఎందుకని అడిగితే చెప్పేవాడు కాదు.

---

హన్మకొండ నటుడు | రెండు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 12:30

ఇవాళ ఆడాం. ఇప్పుడే వచ్చాను. పావుగంట కూర్చొని, బట్టలు మడతపెట్టి, అందరం కలిసి తిని వచ్చాను.

మొదటి పది నిమిషాలు ఏమీ చెయ్యలేదు. మెంబర్ల పేర్లు నోటుబుక్కులో రాసుకున్నాను, డబ్బు లెక్కపెట్టాను. పని వచ్చు కాబట్టి చేతులకు తోచకపోవడం లేదు. మా భార్య పాత్ర వేసిన ఆమె చాయ్ పెట్టి నా చేతులు చూసింది. కాజీపేట అక్కా, హాల్లో ఎవరో "అయ్యో" అన్నారు. అప్పటికి నేను ఒక్క డైలాగ్ కూడా గట్టిగా అనలేదు.

బామ్మర్ది ఫోన్ తర్వాత నవ్వాను. జనం కూడా నవ్వారు. తర్వాత ఆ లక్ష రాదని తెలిసే ఫోన్ రావాలి. సౌండ్ దగ్గర ఏదో ఆలస్యమై మోగలేదు. నాకు చెయ్యడానికి ఏమీ లేదు. తువ్వాల తీసి చెయ్యి తుడుచుకున్నాను. మోగని ఫోన్ వైపు చూస్తూ ఇంకోసారి తుడుచుకున్నాను. ఎంతసేపో తెలియదు. తర్వాత డైరెక్టర్ పది, పన్నెండు సెకన్లు అన్నాడు. హాల్లో ఫ్యాన్ల చప్పుడు వినిపించింది. అప్పుడు మోగింది. ఎత్తి "చెప్పు బామ్మర్దీ, తిన్నవా?" అన్నాను. అది స్క్రిప్టులో లేదు.

ఏడింటికి ఆమె వచ్చింది. ఆమె మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కి వచ్చిందని రిహార్సళ్లలో నేను ఒక్కసారీ చూడలేదు. ఇవాళ చూశాను. "కూర్చో వదినా" అన్నాను. ఆమె కూర్చుంది.

వచ్చే నెల కరీంనగర్‌లో రెండో ఆట.

---

కరీమాబాద్ అబ్బాయి | ఆదివారం, రాత్రి 12:55

వచ్చాను అన్నా. వెనక వరుసలో కూర్చున్నా. మిమ్మల్ని కలవకుండానే వెళ్లిపోయాను, ఏమనుకోకండి.

తువ్వాల ఎడమ భుజం మీద వేసుకున్నారు. నాన్న కుడి భుజం మీద వేసుకునేవాడు. ఫోన్ ఎడమ చేత్తో ఎత్తేవాడు, కుడి చేతిలో పెన్ను ఉండేది కాబట్టి.

---

హన్మకొండ నటుడు | ఆదివారం, రాత్రి 1:00

కరీంనగర్‌లో మార్చుకుంటా తమ్మీ.